కడిగిన పార

“పిన్నీ, ముందు ఆ పార కింద పెట్టు.”

మారియన్ పెట్టలేదు. ఇనుప బ్రష్షుతో దాని అంచున పట్టిన మట్టిని గీకుతూనే ఉంది. పోలీసు బట్టల్లో వచ్చిన రోడీ ఆమెకు వరసకి అక్క కొడుకు. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో ఆ చిన్న ఊరికి పోలీసంటే వాడే. చిన్నప్పుడు ఇదే పెరట్లో బఠాణీలు దొంగతనంగా కోసుకు తినేవాడు కాబట్టి, ఆమెకు వాడి టోపీ మీద పెద్ద గౌరవం లేదు.

“హెక్టర్ బాబాయి ఏడి?”

“న్యూఫౌండ్‌లాండ్‌లో. వాళ్లన్న ఇంటికి కప్పు వేయడానికెళ్లాడు. నిన్న కూడా చెప్పాగా.”

“ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తట్లేదు.”

“కప్పు మీదికి ఫోన్ పట్టుకెళ్తార్రా ఎవరైనా?”

కంచె అవతల ఎఫీ దగ్గింది. ఫిర్యాదు చేసింది ఆవిడే. పేరుకి పక్కింట్లో ఉంటుంది గానీ, ఆవిడ కాపురమంతా ఆ కంచె దగ్గరే.

“అరుపుల సంగతి అడుగు రోడీ.”

“ఆఁ, అదే. చలికాలమంతా సాయంత్రమైతే మీ ఇంట్లోంచి ఎవరిదో గొంతు పిసుకుతున్నట్టు అరుపులొచ్చేవట. బాబాయి కనబడకుండా పోయినప్పట్నుంచి అవీ లేవట.”

“నేలమాళిగలో ఇల్లు వెచ్చబెట్టే పాత బాయిలరు. చలి తగ్గింది, ఆపేశాను.”

“ఆదివారం మాత్రం నోరు మూసుకునే బాయిలరు!” అంది ఎఫీ.

“మా బాయిలరుకి దైవభక్తి ఎక్కువ.”

రోడీకి నవ్వొచ్చింది గానీ ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాడు. షెడ్డులోకి తల దూర్చి చూస్తే గోడవారన మూడు సంచులున్నాయి. వాటి మీది పేర్లు చదువుతుంటే వాడి మొహం పాలిపోయింది.

“రక్తపు పొడి... ఎముకల పొడి... సున్నం! ఏంటి పిన్నీ ఇవన్నీ?”

“ఎరువులు. మందులు కొట్టిన కూర నేను తినను. రక్తం ఆకుకి, ఎముకలు వేరుకి. సున్నం మన నేలలో పులుపు విరగడానికి. కావాలంటే కాస్త పట్టుకెళ్లు, మీ అమ్మ క్యాబేజీ ఏటా గోళీకాయంతే కదా.”

“మరి ఈ పార సంగతేంటి? ఈ ఊళ్లో పార కడిగిన మనిషిని నేనింతవరకూ చూళ్లేదు.”

“అందుకే మీ పారలు అలా ఏడుస్తాయి. వాడగానే మట్టి గీకాలి. స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే ఒక మడి తెగులు ఇంకో మడికి అంటుకుంటుంది. తర్వాత అవిసె నూనె రాసి నీడన పెట్టాలి. మీ అమ్మ వానలో పారేస్తుంది. ఆ పార తగిలితే సూది మందు వేయించుకోవాలి.”

“స్పిరిట్‌తో తుడిస్తే వేలిముద్రలు కూడా పోతాయి,” అంది ఎఫీ ఎవరితోనూ కాదన్నట్టు.

పెరటి చివర కొత్తగా వేసిన మడి ఉంది. మనిషి పొడుగుంది. రోడీ దాని పక్కన నడిచి అడుగులతో కొలిచాడు. ఎఫీ కంచె మీదికి వంగింది.

“దుప్పట్లో చుట్టి మరీ పాతిపెట్టింది. నా కళ్లారా చూశాను. మూడు కాళ్లు బయటికి పొడుచుకొచ్చాయి.”

“మూడా?” రోడీ బుర్ర గోక్కున్నాడు. “బాబాయికి రెండే కదండీ.”

“ఒకటి చెయ్యి అయ్యుంటుంది.”

“అవి ఆస్పరాగస్ కూరమొక్క వేర్లు,” అంది మారియన్. “ఎండ తగలకుండా తడి దుప్పట్లో చుట్టి తెచ్చాను.”

“ఏమనుకోకు పిన్నీ. ఒక్కసారి తవ్వి చూస్తాను.”

“ముట్టుకున్నావంటే చంపేస్తాను!”

అన్నాక నాలుక కరుచుకుంది. రోడీ చెయ్యి నడుముకున్న తుపాకీ దాకా వెళ్లి, సిగ్గుపడి వెనక్కొచ్చింది. ఎఫీ మాత్రం పండగొచ్చినంత ఆనందంగా ఉంది.

“ఒరేయ్, అది ఒకసారి నాటితే ఇరవై ఏళ్లు కదపకూడదురా,” మారియన్ గొంతు తగ్గించి బతిమాలింది. “వేరు తెగితే మొత్తం పోతుంది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. నీకు దండం పెడతాను.”

పార వెనక్కి దాచుకుని మడికి అడ్డంగా నిలబడింది. రోడీ ఆమె చేతిలోంచి పార లాక్కున్నాడు. అంత పదునైన పార వాడు పుట్టాక పట్టుకోలేదు. కాలితో తొక్కిన ఒక్క తోపుకి జానెడు దిగిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి, ఆ పారను తుప్పు పట్టనిచ్చి ఉంటే బాగుండేదనిపించింది మారియన్‌కి.

రెండో తోపుకి కాలెత్తాడు. వీధిలో హారన్ మోగింది.

“నా పెరట్లో ఏంట్రా నీ పని?”

హెక్టర్! ట్రక్కు దిగి నిలబడ్డాడు. ముక్కు మీద ఎండకు తోలు లేచిందే తప్ప, మనిషి నిక్షేపంగా ఉన్నాడు. మారియన్ పరుగెత్తి వాటేసుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె వీధిలో అలా చెయ్యకపోవడంతో, ఊళ్లో ఎవరో పోయారనుకున్నాడతను.

“ఎవరే?” అనడిగాడు గాభరాగా.

“నువ్వేనట,” అంది మారియన్.

రోడీ తలొంచుకుని మడి సర్దాడు. పార తుడిచి నూనె రాసేదాకా మారియన్ వాణ్ణి వదల్లేదు. రాసాక ఒక సీసాడు జామ్ చేతిలో పెట్టి పంపింది. ఎఫీ లోపలికెళ్లి కిటికీ తెర లాగేసుకుంది. ఆ తెర అంత గట్టిగా మూసుండగా ఎవరూ ఎప్పుడూ చూళ్లేదు.

హెక్టర్ మడి చుట్టూ ఓసారి తిరిగాడు.

“బాగా వేశావే. లోతుగా తవ్వావా?”

“చాలా లోతుగా.”

“మంచిపని చేశావు,” అని పెళ్లాం భుజం తట్టి, ఈల వేసుకుంటూ నేలమాళిగలోకి దిగాడు. కాసేపటికి ఈల ఆగిపోయింది. రోజూ సాయంత్రం తను ఊదే, తోలుసంచికి మూడు గొట్టాలున్న వాద్యం పెట్టె ఖాళీగా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“మారియన్, నా బ్యాగ్‌పైపు ఏదే?”