చుట్టు తీసేస్తే

ముదిగుబ్బ శివార్లలో, సువర్ణ వాళ్ళ చిన్నాయన ఈశ్వరప్ప దొడ్డిలో ఒక గొర్రె పొద్దుగూకినప్పటి నుంచి గుండ్రంగా తిరుగుతోంది. దాని మూతి నుంచి చొంగ తీగలు తీగలుగా కారి పెంటలో కలుస్తోంది. ఆ కుళ్ళు కంపుకి సువర్ణ ముక్కు మూసుకుంది.

"ఇంట్లో టానిక్ ఉండాది, తెస్తా. దీన్ని చూస్తా ఉండు పాపా," అంటూ చిన్నాయన టార్చి తీసుకుని వెళ్ళాడు.

చూడక తప్పదు. అసహ్యం మరిచిపోవడానికి ఆమె తన రీసెర్చి పనిని తలుచుకుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో విద్యుదావేశమున్న కణం కూడా ఇలాగే గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడును లెక్కలోంచి తీసేసి, వలయం నడిబిందువు ఎటు జరుగుతోందో మాత్రమే చూస్తారు. నడిబిందువు మీద కూర్చున్నవాళ్ళకి తిరుగుడు తెలియనే తెలియదు.

వెన్నెల్లో ఆమె గొర్రెను చూడడం మాని, అది తిరిగే వలయం నడిబిందువునే చూసింది. అది మెల్లగా తనవైపే జరుగుతోంది.

ఉన్నట్టుండి గొర్రె ఆగిపోయి, ఆమె వైపు తిరిగి నిలబడింది. అయినా పెంటలో పచక్ పచక్‌మని అడుగుల చప్పుడు మాత్రం ఆగలేదు.

టార్చి వెలుగు ఆమె ముఖం మీద పడి, పక్కకు జారి, మళ్ళీ పడింది.

"ఏమ్మా సువర్ణా, ఎందుకట్ల తిరుగుతాండావు?" దడి అవతలే ఆగిపోయి చిన్నాయన అడిగాడు.

"నేనా? ఈడే నిలబడుండా గదా చిన్నాయనా!"

గడ్డం తడిగా అనిపించి తుడుచుకుంది. చేతి వెంట చొంగ తీగలా సాగింది.