పిట్టకు పెట్టిన డబ్బా

పిట్ట ముట్టలేదు.

గోదారి ఒడ్డున విస్తరి పరిచి గంటన్నర దాటింది. మటన్ కూర, గారెలు, నడుమ పసుపచ్చ బీరు డబ్బా. తుమ్మచెట్టు మీద నాలుగు కాకులున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగడం లేదు. పోయిన మనిషికి కోరిక ఏదైనా మిగిలితే కాకి ముట్టదని మహదేవపూర్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పదకొండు రోజుల కింద గుండె ఆగి పోయిన వెంకట్రాంకు ఇంకా ఏం కావాలో ఎవరికీ తోచడం లేదు. ఆయన భార్య నిర్మల తల ఎత్తకుండా ఇసుకలో కూర్చుంది. పాపం, ఆమె మొహం పీక్కుపోయింది.

దానియేలు, కట్టయ్య వెనక నిలబడ్డారు. ఒకరిది కొడకండ్ల, ఇంకొకరిది నర్సింహులపేట. పొద్దున్నే బయలుదేరి మూడు బస్సులు మారి వచ్చారు. వాళ్లకూ వెంకట్రాంకూ చుట్టరికం లేదు. ముగ్గురికీ ఉన్నది ఒకటే పిచ్చి, బీరు డబ్బాలు జమ చేయడం. నవ్వేవాళ్లు నవ్వండి. బడిలో అటెండరైన దానియేలు ఇంట్లో నాలుగు వందల డబ్బాలున్నాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే వాటి దుమ్ము తుడుస్తాడు. చుక్క మాత్రం ముట్టడు.

డబ్బాలు జమ చేసే వాళ్ల సంఘంలో ఎనిమిది మంది. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూడి, తమ దగ్గర రెండేసి ఉన్న డబ్బాలు మార్చుకుని, కడుపునిండా తిని, పొద్దుగూకే దాకా ముచ్చట్లు పెట్టేవారు. కొత్త డబ్బా దొరుకుతుందంటే చాలు, సిరొంచ పోయారు, నాగపూర్ పోయారు, ఒకసారి గోవా దాకా పోయారు. నాగపూర్‌కూ గోవాకూ వెంకట్రాం రాలేదు. ఎక్కడికి పోయినా ఆయన రాత్రి ఆగేవాడు కాదు. ఇంట్లో నిర్మల ఒక్కతే ఉంటదని ఆఖరు బస్సు పట్టుకునేవాడు. తన ఇంటికి ఎవరినీ పిలిచిందీ లేదు. వచ్చినప్పుడల్లా సంచి నిండా తెచ్చేవి ఊరి వైన్స్‌లో దొరికే మామూలు డబ్బాలే. ఇవి ఎవరికి కావాలె అన్నా అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. అంత నెమ్మదస్తుణ్ని దానియేలు ఇంకెక్కడా చూడలేదు.

“గా డబ్బ తెరువుండ్రి. మూత తియ్యని బీరు ఎట్ల తాగుతడు?” అన్నాడు ఒక పెద్దాయన.

కర్మ చేస్తున్న తమ్ముడు ప్రకాశ్ డబ్బా అందుకున్నాడు. దానియేలు వద్దనేలోపే రింగు లాగేశాడు. చుక్క రాలేదు. తిప్పి చూస్తే అడుగున రెండు బొక్కలు.

అది భూటాన్ డబ్బా. వెంకట్రాం పదకొండు డబ్బాలిచ్చి మార్చుకున్నది. జమ చేసేవాళ్లు పైమూత చెడకుండా అడుగున బొక్క పెట్టి ఖాళీ చేస్తారు, అరలో పెడితే నిండుదానిలా కనబడాలని. కట్టయ్య నెత్తి పట్టుకున్నాడు. జనానికి మాత్రం ఇంకోలా అర్థమైంది. దొంగచాటుగా తాగడానికి ఎంత తెలివి నేర్చిండో చూడు అని నోళ్లు నొక్కుకున్నారు. దానియేలుకు ఒళ్లు మండింది.

ఎవరో బండి మీద పోయి నిండు బీరు తెచ్చారు. గ్లాసులో పోసి విస్తరి పక్కన పెట్టారు. కాకి రాలేదు. అప్పుడిక ఒక్కొక్కరే మాట ఇవ్వడం మొదలుపెట్టారు. పోయిన మనిషికి ఏ రంది ఉందో కనుక్కుని, అది మేం చూసుకుంటమని చెబితే పిట్ట దిగుతుందని నమ్మకం. వదినెను కళ్లల్ల పెట్టుకుని చూసుకుంటనని ప్రకాశ్ మొక్కాడు. నీ డబ్బలు ఒక్కటి గూడ పాత సామానుకు పోనియ్యమని కట్టయ్య మొక్కాడు. కాకులు కదల్లేదు.

ప్రకాశ్‌కు ఓపిక చచ్చింది.

“ఈయన బిడ్డ మమత జ్వరమొచ్చి పోయిన కాన్నుంచి ఆరేండ్లు తాగుడే తాగుడు. ఇంట్లకు పోతే గుప్పున వాసన. తాగుబోతు కొడుకు చేతి నీళ్లు నాకొద్దని మా అమ్మ మొహం తిప్పుకుని పాణమిడిసింది. అప్పుడు గూడ తల వంచుకుని నిలవడ్డడు. ఇంక ఏం కావాలె ఈయనకు?”

దానియేలు కొయ్యబారిపోయాడు. వెంకట్రాం అన్న తాగుబోతా? ఊరు ఊరంతా అలాగే అనుకుంటోందా? కన్నతల్లి కూడా అనుకునే పోయిందా? ఇంత నింద మోసిన మనిషి తమతో ఒక్కనాడైనా నోరు విప్పలేదు. ఆ మాట తలుచుకునేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక్కడ ఎవరేమనుకున్నా ఇవాళ చెప్పాల్సిందే అనుకుని ముందుకు నడిచాడు.

“జర ఆగు ప్రకాశ్. దేవుని సాక్షిగ చెప్త, మీ అన్న ఒక్క చుక్క ముట్టలే. ఆయనకు బీరు వాసనే గిట్టదు. మేం డబ్బ కోసం కొంటం, బీరు మోరిల పారబోస్తం. ఆయన గూడ గంతే.”

ఇందాక నోళ్లు నొక్కుకున్నవాళ్లు ఇప్పుడు నోళ్లు తెరిచి చూస్తున్నారు. ప్రకాశ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మరి అమ్మకెందుకు చెప్పలే?” అని మెల్లగా అడిగాడు.

దానియేలు కట్టయ్య వైపు చూశాడు.

నిర్మల లేచింది. ఇన్నాళ్లకు మొగుడి మీది మచ్చ పోయింది, ఆమె మనసు కొంచెం తేలికై ఉంటుంది అనుకున్నాడు దానియేలు. ఆమె ఎవరి వైపూ చూడకుండా విస్తరి దగ్గరికి పోయింది. రెండు చేతులూ జోడించింది.

“ఇగ నేను తాగనయ్యా,” అన్నది.