బరువు తగ్గించిన పెళ్లికారు

"ఎన్క సీట్లేవి?" అని అడిగింది మమత, కారు తలుపు పట్టుకుని.

"తీసేసిన," అన్నాడు దినేశ్, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

పొద్దున నకిరేకల్‌లో, ఆమె ఇంటి ముందు పందిట్లో, ఆమె మెడలో తాళి కట్టినవాడు ఇతనే. ఇప్పుడు మధ్యాహ్నం నాలుగైంది. పెళ్లివారి బస్సు నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర అందరినీ దింపేసింది. ఇక్కడి నుంచి పెళ్లికొడుకు ఇంటిదాకా రెండు కిలోమీటర్లు బరాత్. ముందు బ్యాండు, దాని వెనక, ఇక్కడే సిద్ధంగా ఉంచిన పెళ్లికారు. మే నెల ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది.

"అవ్వ యాడ కూసుంటది మరి?"

మమత నాయనమ్మ శారదమ్మ పక్కనే చేతిసంచితో నిలబడి ఉంది. కొత్తకోడలికి తోడుగా వచ్చిన మనిషి. డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి.

"జర నడవనీ. అందరు నడుస్తలేరా?"

"నడవలేదు. ఎన్క చాప ఏస్తె కింద కూసుంటది."

దినేశ్ నవ్వాడు. ఏమీ తెలియని పిల్లకు పాఠం చెప్పే నవ్వు అది. "చూడు, ఇది అందరి అసొంటి కారు గాదు. ఏసీ తీసేస్తె ఇరవై కిలోలు తగ్గింది. సైలెన్సర్ల పొగను సాఫ్ జేసే డబ్బా తీసేస్తె ఇంకో ఎనిమిది. సీట్లు ముప్పై. మీ అవ్వను ఎక్కిచ్చుకుంటె తీసిందంత మళ్ల ఎక్కినట్టే గద."

చుట్టూ ఉన్న దోస్తులు పడీపడీ నవ్వారు. అతనికి కావలసింది కూడా అదే.

"బ్యాండు ఎన్క నడిచే బండికి బరువుతోని ఏం పని?" అంది మమత.

"నీకు సమజ్ గాదు తియ్యి. ఎక్కు."

"నడుస్త బిడ్డా, ఫికర్ జెయ్యకు," అంది శారదమ్మ, మనవరాలి చెయ్యి వదిలించుకుంటూ.

బరాత్ కదిలింది. జిల్లాలోనే ఇంత ఉరికే కారు లేదని చెప్పుకునే దినేశ్, ఆ కారును నత్తనడకన నడుపుతూ మాటిమాటికీ యాక్సిలరేటర్ తొక్కి మోత మోగిస్తున్నాడు. లోపల పట్టుచీర ఒంటికి అతుక్కుపోయి మమతకు ఊపిరాడటం లేదు. బయట ఇంకా ఘోరం. శుద్ధి చేసే డబ్బా లేని పొగ ఘాటుకు వెనక ఆడవాళ్లు రోడ్డుకు చెరో పక్క చెదిరిపోయారు. పక్కకు తొందరగా జరగలేనిది ఒక్క శారదమ్మే. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ వస్తున్న ఆమె అద్దంలో కనిపించింది.

"ఆపితె దిగి అవ్వతోని నడుస్త," అంది మమత.

"పెండ్లిపిల్ల నడిస్తె నా ఇజ్జత్ ఏంగావాలె? కూసో."

మమత కూర్చుంది. చూపు మాత్రం అద్దంలో అవ్వ మీదే ఉంచింది.

సగం దారిలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. కారు విప్పిన మెకానిక్ రాజేందర్ డ్యాన్సు ఆపి పరుగెత్తుకొచ్చాడు.

"ఏసీతోని దాని ఫ్యాన్ గూడ పీకేసినం గదనే. ఉరికితె గాలి తాకి సల్లగుంటది. గిట్ల మెల్లగ పోతె ఉడుకుతది."

అంత తెలివి విప్పేటప్పుడు ఏమైందని ఎవరూ అడగలేదు. ఇంజను ఆపి, నీళ్లు పోసి, అరగంట ఆగారు. శారదమ్మ మెల్లగా ముందుకు నడిచి ఓ టీ కొట్టు నీడలో కూలబడింది. తీరా తాళం తిప్పితే కారు కిక్కుమనలేదు. బరువు తగ్గాలని పెట్టిన చిన్న బ్యాటరీ ప్రాణం విడిచింది.

"నూకుదాం," అన్నాడు రాజేందర్. "స్టీరింగ్ మీద ఎవలన్న తక్కువ బరువోళ్లు కూసోవాలె."

దినేశ్ వెంటనే లెక్క కట్టాడు. "నేను డెబ్బై ఎనిమిది. నువ్వు యాభై గూడ ఉండవు. ఇటు జరుగు."

మమత డ్రైవర్ సీట్లోకి జరిగింది. ఆమెకు బండి నడపడం వచ్చా అని అడగాలని అతనికి తోచలేదు. వంగి వేలుతో చూపిస్తూ చెప్పాడు. "గిది క్లచ్. తొక్కి పట్టుకో. నేను అన్నప్పుడు ఇడ్సిపెట్టు. ఇంక దేన్నీ ముట్టకు."

"సరే," అంది మమత.

పెళ్లికొడుకు తలపాగా సర్దుకుని దోస్తులతో కలిసి నెట్టాడు. "ఇడ్సిపెట్టు," అని అరిచాడు. ఇంజను ఒక్కసారిగా గర్జించి పొగంతా వాళ్ల ముఖాన కొట్టింది. కళ్లు నులుముకుని చూసేసరికి కారు బ్యాండువాళ్లను కూడా దాటేసి టీ కొట్టు ముందు ఆగి ఉంది.

తన కోసమే ఆగిందనుకుని దినేశ్ దగ్గుతూ పరుగెత్తాడు. ముందు తలుపు తెరుచుకుంది. మమత చెయ్యి అందిస్తే శారదమ్మ సంచితో సహా ఎక్కి కూర్చుంది. కారు రోడ్డు మీద గిర్రున వెనక్కి తిరిగి అతనికి ఎదురొచ్చింది.

"ఇల్లు అటు గాదు, ఇటు," అన్నాడు దినేశ్, రొప్పుతూ చెయ్యి అడ్డం పెట్టి.

"మా ఇల్లు ఇటే," అంది మమత, అతన్ని తప్పించి గేరు మారుస్తూ.