డబ్బాలో బలమెంత

“ప్రోటీన్ ఎంతుంది?” అని ఫోన్‌లో అడిగింది జ్యోతిర్మయి.

రమణమూర్తి డబ్బాను ఓడ వంటగది కిటికీ వెలుగులోకి తిప్పాడు. చీజు కలిపిన మకరోనీ డబ్బా అది. వెనకాల అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

“పదిహేను గ్రాములు. కేలరీలు నాలుగొందలు.”

“పూటకా?”

“రోజుకి. మనిషికో డబ్బా.”

అతని భార్య జ్యోతిర్మయి ఎలమంచిలి దగ్గర అంగన్‌వాడీ టీచరు. ఏ వయసుకి ఎంత తిండి కావాలో ఆమెకు కంఠతా వచ్చు.

“మా సెంటర్లో మూడేళ్ల పిల్లలకి కూడా అది సాలదండి. విటమిన్ సి?”

“సున్నా.”

“సిగుళ్లెలాగున్నాయి?”

“రక్తం వత్తంది.”

“ఉప్పు సూడండి. సోడియం అని ఉంటాది.”

“పద్దెనిమిది వందల మిల్లీగ్రాములు.”

“అమ్మో! అక్కడ బీపీ ఉన్నోళ్లు ఎవరైనా ఉన్నారేటి?”

ఉన్నాడు. ఇంజన్ గదిలో పనిచేసే ఎల్లారావు. కంచరపాలెం మనిషి. మాత్రలు అయిపోయి నెల దాటింది.

ఓడ విశాఖ తీరానికి ఐదు మైళ్ల దూరంలో లంగరేసి ఉంది. యజమానికీ వ్యాపారులకీ తగాదా వచ్చి కోర్టు ఓడను అరెస్టు చేసి, కదలకుండా ఆపేసింది. యజమాని ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. మనుషులు లేకుండా ఓడను వదలకూడదన్నారు. అలా పదకొండు మంది మిగిలారు. వంటకి తెచ్చుకున్న సామాను మొదటి నెలలోనే అయిపోయింది. రేవులో యజమాని తరఫు ఏజెంటు ఒకసారి పడవ పంపాడు. వేరే ఓడలో మిగిలిపోయిన ఈ డబ్బాలూ, కాసిని మంచినీళ్లూ దించి వెళ్లిన ఆ పడవ మళ్లీ రాలేదు. గాలాలు వేస్తే ఒకటీ అరా చేప పడేది. పదకొండు మందికి అదెంత?

“జాలరోళ్లని అడిగానండి. కోర్టు ఓడ కాడికెల్తే పడవ లాగేసుకుంటారని బయపడతన్నారు,” అంది జ్యోతిర్మయి. “మీరన్నం తిని ఎన్నాళ్లయింది?”

“డెబ్బై రోజులు.”

ఆమె ఏడవడం వినబడకుండా ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు నుంచి రమణమూర్తి ఎల్లారావు డబ్బాను విడిగా తెరిచేవాడు. ఓడ నిండా చిన్న చిన్న నల్ల పురుగులు. పడుకుంటే పక్కలోకి, తింటే పళ్లెంలోకి వచ్చేవి. వాటిని ఏరి పారేసి, మకరోనీని తన వాటా మంచినీళ్లలో రెండుసార్లు కడిగేవాడు. చీజంతా తెల్లగా కరిగి పోయేది. ఉప్పుతో పాటు బలమూ పోతోందని అతనికి తెలుసు.

“రుసీ లేదు, పసా లేదు బావా,” అనేవాడు ఎల్లారావు.

“తినీ బావా. నీకదే మందు.”

కెప్టెన్ ఉదయ్‌కుమార్ పొద్దున్నే డెక్ మీద తిరిగి, సరుకు గదుల మూతలకి కోర్టు వేసిన సీళ్లన్నీ చూసుకుని పుస్తకంలో రాసేవాడు. మొదటి రోజే అందరికీ చెప్పాడు. ఓడా, ఓడలో ఉన్నదీ అంతా కోర్టుదే. ముట్టుకుంటే జైలు. మళ్లీ జన్మలో ఓడ ఎక్కలేరు.

ఒకనాడు ఎల్లారావు సమ్మెట తీసుకుని బయల్దేరాడు. కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి.

“సీలు ఇరగ్గొట్టేత్తాను సార్. అప్పుడైనా ఎవడో ఒకడొచ్చి పట్టుకెల్తాడు. జైల్లోనైతే అన్నమెడతారు.”

కెప్టెన్ అడ్డంగా నిలబడ్డాడు. అతని మొహమూ ఎముకలు తేలి ఉంది.

“నిన్నొక్కడినే పట్టుకెళ్లరు ఎల్లారావూ. పదకొండు మందినీ దొంగలంటారు. నీ కూతురు చదువుకుంటోంది. మిగతావాళ్లకీ పిల్లలున్నారు.”

ఎల్లారావు సమ్మెట కిందపెట్టి అక్కడే కూలబడ్డాడు.

తర్వాతి వారం మంచినీళ్లు మనిషికి రెండు గ్లాసులకు తగ్గాయి. కడగడానికి లేవు. రమణమూర్తి డబ్బాను ఉన్నదున్నట్టే పళ్లెంలో వేసి తెచ్చాడు.

“ఇయాల రుసిగా ఉంది బావా,” అని ఎల్లారావు పళ్లెం నాకాడు.

నాలుగు రోజులు అలాగే తిన్నాడు. ఐదో రోజు సాయంత్రం పళ్లెం పట్టుకున్న చెయ్యి పక్కకి పడిపోయింది. నోరు వంకరపోయింది. కెప్టెన్ రేడియోలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. లాంచీ పంపుతామన్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి లాంచీ వచ్చింది. అప్పటికి ఎల్లారావు పోయి ఆరు గంటలైంది. దుప్పటిలో చుట్టి నలుగురు కిందికి దించారు. మోయడానికి బరువేమీ లేడు.

లాంచీలో సరుకు తనిఖీ చేసే ఆఫీసరు కూడా వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. ఎలాగూ పడవ వస్తోంది, తన తనిఖీ కూడా అయిపోతుందని ఎక్కాడు. డెక్కంతా తిరిగి సీళ్లకు ఫొటోలు తీసుకున్నాడు.

“వెరీ గుడ్ కెప్టెన్. ఒక్క సీలు కూడా కదల్లేదు. ఇక్కడ సంతకం పెట్టండి.”

కెప్టెన్ పెట్టాడు.

రమణమూర్తి దగ్గరికి వచ్చాడు. “సార్, మాకేటైనా తెచ్చారా? నిమ్మకాయలైనా?”

“అది నా పని కాదయ్యా. కాగితం రాసిస్తే అందజేస్తాను.”

నిచ్చెన దిగి, దుప్పటి మూటకు కాలు తగలకుండా జాగ్రత్తగా కూర్చున్నాడు. లాంచీ తీరం వైపు తిరిగింది.

ఆ పదిమంది కాళ్ల కింద, సీలు వేసిన ఇనుప మూతల అడుగున, చెక్కుచెదరకుండా ఉన్నట్టు కెప్టెన్ సంతకం పెట్టిన ఆ సరుకు, పద్దెనిమిది వేల టన్నుల బియ్యం.