నాలుగో రాయి

మూడోసారి గ్యాస్ ఎక్కించినా మీటరులో అంకె సున్నా దాటలేదు. హరిత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇనుప గొట్టంలో బిగించిన బొటనవేలంత ఇసుకరాయి ముక్క ఆమె ఓపికను పొద్దుటి నుంచీ తినేస్తోంది.

టేకుమట్ల చేల మధ్య తవ్వుతున్న గ్యాస్ బావిలోంచి తీసిన నాలుగో రాయి అది. మొదటి మూడింటిలోంచి గ్యాస్ హాయిగా దూరింది. ఇదీ అలాగే దూరనిస్తే సాయంత్రం కంపెనీ ఇంకో ఎనిమిది బావులకు సంతకం పెడుతుంది. లేదంటే క్యాంపు ఎత్తేస్తుంది. నలభై మందికి పని పోతుంది.

ఆ నలభై మందికీ పెద్ద, డ్రిల్లర్ పోశయ్య, గుమ్మంలోనే కూలబడి ఉన్నాడు. ఆమెకోసం తెచ్చిన చాయ్ కూడా చల్లారిపోయింది.

"దీంట్ల రంధ్రాలే లేవా మేడం?"

"మస్తున్నయి అన్నా. అర్రలు మంచిగనే ఉన్నయి. అర్రకు అర్రకు నడుమ తలుపులే మూసుకున్నయి."

"ఎవలు మూసిన్రు?"

"మట్టి. తలుపు సందుల వెంట్రుకల తీర్గ మొలిచింది."

పోశయ్య ఆవులించి, మంగలిని పిలవమంటారా అన్నాడు. అంత అలసటలోనూ హరితకు నవ్వొచ్చింది.

మంగలి అక్కర్లేదని, ఎండ చాలని చెప్పింది. రాయి ఎండితే ఆ వెంట్రుకలు గోడకు అతుక్కుపోతాయి, తలుపులు తెరుచుకుంటాయి, మీటరు ఉరుకుతుంది. "కాని అది అబద్ధం అన్నా. భూమిల అంత లోతుకు ఎండ ఏడికెళ్లి వస్తది? అందుకే పైకి రాంగనే తడిగుడ్డ చుట్టుమన్న."

పోశయ్య లేచి నిలబడ్డాడు. మూడు పలికి ఒకటి పలకలేదంటే రాయిది తప్పు కాదని, దాచిన మనిషిదేనని అన్నాడు. హరితకూ అదే నిజమైతే బాగుండుననిపించింది. రాయి పాడైందని రాస్తే ఇంకో రాయి తీయడానికి గడువు దొరుకుతుంది.

రాళ్లను కడిగి, మూటగట్టి దాచేది ఎల్లక్క. ఈ పనికి రాకముందు మిరప కల్లాల్లో చేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మిగతా మూడింటికి చేయనిది ఈ రాయికి ఏం చేశావని హరిత మెల్లగానే అడిగింది. ఎల్లక్క తల దించుకుంది.

"తప్పయింది మేడం. నిన్నంత ముసురుండె. బూజు పడ్తదని తెలిసి గూడ, గీ ఒక్కదాన్నే ఎండబెట్టకుంట మూటగట్టిన."