డివైడర్‌లో సందు

“ఆపప్పా, ఆపు! బడి పిల్లోళ్లు దాటుతాండారు, కండ్లు కనపడల్యా?”

చంకలో కర్ర, నోట్లో విజిల్‌తో ఏసయ్య రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. చాగలమర్రి వైపు నుంచి వస్తున్న లారీ కీచుమంటూ ఆగింది. పిల్లలంతా దాటాక అతను కుంటుకుంటూ డివైడర్ దగ్గరికి వచ్చాడు. అతనికి కుడికాలు మోకాలి కింద లేదు.

ఆటో స్టాండు పక్కన బండి సీటు మీద మ్యాపు పరుచుకున్న తిమోతి తలెత్తి చూశాడు. ఆళ్లగడ్డలో ఈ కూడలిని బాగుచేసే ప్లాను తయారు చేయమని రోడ్ల శాఖ పైవాళ్లు అతనికి అప్పగించి వారమైంది. నంద్యాల నుంచి రోజూ వచ్చి పోతున్నాడు.

“ఆయన్ని అడుగుదాం సార్. ఎనిమిదేండ్లుగా పొద్దునా సాయంత్రం ఈడే ఉంటాడంట. జీతం లేదు, పాడూ లేదు” అంది జాహ్నవి. అతని కింద కొత్తగా చేరిన ఇంజనీరు. తిమోతి వద్దనేలోపే ఏసయ్యను పిలిచేసింది.

ఏసయ్య మ్యాపు చూడలేదు. కర్ర ఎత్తి రోడ్డునే చూపించాడు.

“బస్సులు ఆగేది ఆడ మేడమ్, మందులంగడి ముందర. జనం దిగేది ఆడ. డివైడర్‌లో సందు మాత్రం ఈడ, ఫంక్షన్ హాలు గేటుకు ఎదురుగా. రోడ్డు దాటల్లంటే నూరు గజాలు బండ్ల మధ్యలోనే నడిచి రావల్ల. హాలుకు పోయే కార్లన్నీ ఈ సందులోనే తిరుక్కుంటాయి. మలుపు అవతల నుంచి వచ్చే బండికి ఇవేమీ కనపడవు. ఇంగ గుద్దుకోక ఏం చేస్తాయి?”

“ఎంతమంది పోయినారు?”

“నేను చూసినంతలో ఏడుగురు.”

“మరి నీ కాలు?”

“అదీ ఈడనే మేడమ్. ట్యాంకరు.”

జాహ్నవికి కోపం ఆగలేదు. “ఈ సందు ఈడ పెట్టిన మహానుభావుడు ఎవడో గానీ సార్, వాణ్ణి పట్టుకొచ్చి రోజూ పిల్లోళ్లను దాటించమనల్ల!”

“పోనీలే మేడమ్. ఎవరి తప్పు వాళ్లకు తెలుస్తాది” అని ఏసయ్య మొహం తిప్పుకున్నాడు.

తిమోతి మ్యాపు మడిచాడు. మడతలు సరిగా పడలేదు. ఆ మహానుభావుడు అతనే.

పదకొండేళ్ల కిందట ఇక్కడ అతనూ జాహ్నవిలాగే కొత్త ఇంజనీరు. మొదట గీసిన ప్లానులో సందు బస్సులు ఆగేచోటే ఉంది. అవి చెల్లెలు ఫెబా పెళ్లి పనుల్లో తిరుగుతున్న రోజులు. ఫంక్షన్ హాలు అడుగుదామని వెళ్లి, గేటు దగ్గరే అద్దె ఎంతో విని వెనక్కి తిరిగాడు. నాలుగు రోజులకు హాలు ఓనరే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. “మా హాలు ఉండంగా మీకు బాధెందుకు సార్? మూడు దినాలు మీ ఇల్లే అనుకోండి” అన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, డివైడర్ సందు తమ గేటు ముందుకు వస్తే బాగుంటుందన్నాడు.

పెళ్లయిన వారానికి తిమోతి ఆ గీత చెరిపి నూరు గజాలు ఇవతల గీశాడు. ఫైల్లో ‘ప్రజల సౌకర్యార్థం’ అని రాశాడు.

ఆ తర్వాత రోజుల్లో జాహ్నవి టీ తాగుతూ ఏసయ్యను కూడా పిలిచేది. తిమోతి మాత్రం ఫోను వచ్చినట్టు దూరంగా జరిగేవాడు.

కూడలి ప్లాను మీద జనం మాట వినడానికి ఒకరోజు పొద్దున సమావేశం పెట్టారు. ముందుగా ఏసయ్యకు శాలువా కప్పాలనుకున్నారు. గుమ్మం బయటే నిలబడ్డ ఏసయ్య రెండు చేతులూ జోడించాడు.

“నాకొద్దు సార్. మీకు దండం పెడతా, నాకొద్దు.”

ఎంత బతిమాలినా లోపలికి రాలేదు. గొప్ప మనిషి అన్నారంతా.

సందు మూసేసి, మందులంగడి ముందు జీబ్రా గీతలు, సిగ్నలు పెట్టాలని జాహ్నవి చదివి వినిపించింది. హాలు ఓనరు లేచాడు.

“అది ప్రజల సౌకర్యం కోసరం పెట్టిందే. మీ ఫైల్లోనే ఉంది చూసుకోండి. రాసిందెవరో సార్‌కు బాగా తెలుసు.”

అందరూ తిమోతి వైపు తిరిగారు. తిమోతి నిలబడ్డాడు.

“రాసింది నేనే. అది అబద్ధం. సందు మూయాల్సిందే.”

జాహ్నవి చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది. సమావేశం ముగిసేదాకా మళ్లీ అతని వైపు చూడలేదు.

బయటికి వచ్చేసరికి ఏసయ్య లేడు. తిమోతి గబగబా కూడలికి నడిచాడు. ఏసయ్య సందు దగ్గరే డివైడర్ మీద కూర్చుని ఉన్నాడు.

“విన్నావు కదన్నా. ఆడ అందరి ముందర సగమే చెప్పినా. మా చెల్లి పెండ్లికి హాలు ఊరికే ఇచ్చినారు. దానికోసరం ఈ సందు ఈడికి జరిపినా. నీ కాలు తీసింది ట్యాంకరు కాదు, నేను. తిట్టన్నా, ఏమన్నా అను.”

తిమోతి తల కంటే కిందికి వంగింది ఏసయ్య తల.

“మిమ్మల్ని నేనేమంటా సార్? ఆ పొద్దు అద్దె విని మీరు గేటు కాడ నుంచి తిరిగిపోయినప్పుడు, ఆ గేటుకు వాచ్‌మన్ను నేనే. ఈ రోడ్డు ప్లాను గీసే ఇంజనీరు మీరేనని నాకు తెలుసు. కార్లు చుట్టు తిరిగి రావల్లంటే పెండ్లిండ్లు రావు, నిన్ను తీసేస్తా అంటాండె ఓనరు.”

అతను కర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మీకు హాలు ఊరికే ఇచ్చి సందు అడగమని ఓనరుకు చెప్పింది నేనే సార్.”