భాస్వరం సారు

పంది కుక్కలా కూర్చుంది.

ముందు కాళ్ళు లేపుతోంది గానీ, వెనక కాళ్ళు రావడం లేదు. నిన్న ఒకటి ఇలాగే కూలబడింది. ఇవాళ ఇంకొకటి.

మార్కు ఇల్లు నిలబడింది ఆ పందుల కాళ్ళ మీదే. క్రిస్మస్ ముందు బేరగాడు వస్తాడు. నిలబడి నడిచే పందినే కొంటాడు. కూర్చున్నదాని వంక కన్నెత్తి కూడా చూడడు.

“ఎముకలకు సున్నం తక్కువైనట్టుంది. నా మోకాళ్ళ నొప్పులకు డాక్టరమ్మ గదే చెప్పింది,” అంది అతని భార్య యేసమ్మ.

మార్కు తవుడులో సున్నం కలిపాడు. పందులు లేవకపోతే ఇంకాస్త కలిపాడు.

వాళ్ళ షెడ్డు ఉన్నది శంషాబాద్ శివారులో, ఎవరిదో ఖాళీ ప్లాటులో. ఆ ఓనరును మార్కు ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్ళుగా పొమ్మననందుకు, ముఖం తెలియని ఆ మనిషి కోసం యేసమ్మ ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తుంది.

ఈమధ్య చుట్టూ ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళవాళ్ళు నెత్తిమీది విమానాల మోతనైనా ఓర్చుకుంటారు గానీ, పందుల వాసన ఓర్చుకోలేరు.

“మీ పందులకు మందు పెడతరంట. జర జాగ్రత్త అన్నా,” అని చెవిలో వేసిపోయాడు ప్లాట్ల బ్రోకరు లక్ష్మణ్.

మర్నాడే ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు. ముక్కు మాత్రం మూసుకోలేదు. మార్కుకు అక్కడే అనుమానం వచ్చింది.

“తవుడులో ఏం కలుపుతున్నారండీ?”

“సున్నం. నీకేంది సారు?”

“ముందు అది ఆపెయ్యండి. వీటికి తక్కువైంది భాస్వరం. తవుడులో ఉంది గానీ పందికి ఒంటబట్టదు. మీరు సున్నం పోసినకొద్దీ ఆ కాస్త కూడా అందకుండా పోతుంది. ఎదిగే వయసు కదా, ఎముక గట్టిపడదు.”

“భాస్వరమా? అగ్గిపుల్లల మందు గదా అది!”

“అది వేరు, ఇది వేరు. రేపు నేనే తెచ్చిస్తాను,” అని నవ్వాడు పెద్దమనిషి.

మార్కుకు ఆ నవ్వు నచ్చలేదు.

అన్నట్టుగానే మర్నాడు సంచీతో వచ్చాడు. మార్కు నీళ్ళు మోసుకొచ్చేసరికి తొట్టి మీదికి వంగి తెల్లటి పొడి ఏదో కలుపుతున్నాడు.

“ఏం కలుపుతున్నవ్ రా!”

చెంప ఛెళ్ళుమంది. కళ్ళద్దాలు పెంటలో పడ్డాయి. మార్కు కాలి కింద నలిగాయి.

“విషం కాదయ్యా, చూడు.” పెద్దమనిషి చిటికెడు పొడి తీసి తన నాలుక మీద వేసుకున్నాడు.

అప్పుడైనా ఆగాల్సింది. మార్కు ఆగలేదు. మెడపట్టి రోడ్డు మీదికి గెంటాడు. తొట్టిలోదీ సంచీలోదీ కలిపి మోరీలో పారబోశాడు.

అటే వచ్చిన లక్ష్మణ్ బండి ఆపి అంతా చూశాడు. పెద్దమనిషిని ఎక్కించుకుని పోయాడు. మార్కుతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఊరికే నోరు విప్పే మనిషి కాదతను.

తరువాత పందులు ఒక్కొక్కటే కూలబడ్డాయి. తొట్టిదాకా రాలేక కొన్ని చచ్చాయి. యేసమ్మ పశువుల దవాఖానకు పరుగెత్తింది. డాక్టరు వచ్చి చూసి తిట్టాడు.

“సున్నం పొయ్యమన్నదెవరు? భాస్వరం అందక కాళ్ళు పోయినయి. ముందుగాలనే ఈ పొడి కలిపితే ఉరికేవి గదా!”

ఆయన చేతిలో ఉన్నది అదే తెల్లటి పొడి.

యేసమ్మ మొగుణ్ణి దులిపేసింది. “కాళ్ళు మొక్కాల్సినాయనను కొడితివి గదయ్యా! ఆ భాస్వరం సారును యాడని ఎతుకుతవు ఇప్పుడు?”

ఆయనను ఎక్కించుకుపోయిన లక్ష్మణ్ ఆ రోజు నుంచీ అటు రాలేదు. మార్కు ఇల్లిల్లూ అడిగాడు. అలాంటి మనిషి ఆ ఇళ్ళలో లేడన్నారు. సిగ్గుతో ఏడ్చుకుంటూ తిరిగొచ్చాడు. ఆ ఏడుపేదో చెయ్యి లేవకముందు వచ్చి ఉంటే పందులైనా దక్కేవి.

మిగిలినవాటికి ఆ పొడే తెచ్చి కలిపాడు. అవి గోడకు ఆనుకుని మెల్లగా లేవడం మొదలుపెట్టాయి. యేసమ్మ ముఖం కాస్త తేటపడింది.

అప్పుడొచ్చింది జేసీబీ. వెనకే లక్ష్మణ్.

“జాగ అమ్ముడుపోయిందన్నా. షెడ్డు తియ్యాలె.”

“క్రిస్మస్ దాక ఆగుమను లక్ష్మణ్! ఇప్పుడిప్పుడే లేస్తున్నయి, వీటిని యాడికని తోలుకపోను? ఓనర్ సారుతోని ఒక్కసారి మాట్లాడిపియ్యి. ఇన్నేండ్లు మమ్ముల ఒక్క మాట అనలే, దేవుడసుంటోడు. మా గోస వింటడు.”

యేసమ్మ కొంగు చాపింది.

లక్ష్మణ్ డ్రైవరుకు ఇక కానిమ్మని సైగ చేశాడు.

“వినకేం, నేను ఎన్నిసార్లు అడిగినా మీ పందులు ఎదిగి అమ్ముడుపోయేదాక ఈ జాగ అమ్మనన్నడు. అవి జల్ది ఎదగాలెనని పొడి తెచ్చి, నీ చేతుల దెబ్బ తిని పోయిండు గదా, ఆయనే ఓనరు.”